మొప్పలెత్తి చూసిన కబురు

పద్మావతి పొద్దున్న తొమ్మిదింటికి షట్టర్ ఎత్తేది. ఎత్తగానే ముందు ఫ్యాన్లు వేసేది. మూసి ఉన్న గదిలో ఎనిమిది కంప్యూటర్ల వేడి ఒక మూల ముడుచుక్కూచుని ఉండేది మరి. దేవుడి పటానికి అగరొత్తి వెలిగించి, తడిగుడ్డ తీసుకుని ఒక్కో తెరా తుడుచుకుంటూ వెళ్ళేది. గోపాలపట్నంలో దుమ్ముకేం కొదవ లేదు. హైవే మీద నాలుగు లారీలు వెళ్ళాయంటే తుడిచిన తెర మీద మళ్ళీ వేలితో పేరు రాయొచ్చు.

పదయ్యేసరికి మెట్ల దగ్గర పోతమ్మ గంప దించేది. జాలారిపేట మనిషి. తెల్లారకుండా హార్బర్లో వేలంపాటకెళ్ళి, చేపలెత్తుకుని, రెండు బస్సులు మారి వచ్చేది. నెట్ సెంటర్‌కొచ్చే వాళ్ళూ చేపలకొచ్చే వాళ్ళూ ఒకే మెట్ల మీద కలిసిపోయేవారు. కాలేజీ పిల్లలు మెయిల్ చూసుకుని అరకేజీ నెత్తళ్ళు కట్టించుకుని వెళ్ళిన రోజులున్నాయి.

ఇది రెండువేల ఆరో సంవత్సరం మాట. అప్పుడు ఊళ్ళో ఎవరిని చూసినా మెసెంజర్ పిచ్చి. పక్క వీధిలో ఉన్నవాళ్ళతో కూడా ఇక్కడికొచ్చి, గంటకింతని కట్టి, టైపు చేసి మాట్లాడుకునేవారు. ఇంటి తాళం రెండుసార్లు లాగి చూసుకుని వచ్చే పెద్దమనుషులు కూడా ఇక్కడ పాస్‌వర్డ్ అంటే పెళ్ళాం పేరూ, పక్కన ఒకటి రెండు మూడూ కొట్టి ఊరుకునేవారు. కొందరైతే తమ పేజీ అలాగే తెరిచి వదిలేసి లేచిపోయేవారు. తరవాతొచ్చి కూర్చున్నవాడు వాళ్ళింటి సంగతులన్నీ చదువుకునేవాడు. పద్మావతి అందరినీ హెచ్చరించేది. తన ఏడు పాస్‌వర్డ్‌లు మాత్రం కాగితం మీద రాసి, కౌంటర్లో తన కంప్యూటర్ అంచుకి జిగురుతో అతికించుకుంది. వైరస్ మందు గడువు అయిపోయిందని తెర మూలన రోజూ ఒక డబ్బా లేచేది. గుమ్మంలోకొచ్చిన అమ్మకాలవాణ్ణి పంపేసినట్టు ఆవిడ దాన్ని రోజూ మూసేసేది.

పోతమ్మకి చేపల వాసనే కాదు, కబుర్ల వాసన కూడా తెలిసేది. వాళ్ళమ్మకీ తెలిసేదిట. అక్కడివాళ్ళకి అదేం కొత్త సంగతి కాదు. పోస్ట్‌మేన్ ఆకాశరామన్న ఉత్తరం లాంటిదేదైనా ఉందనిపిస్తే మెట్ల దగ్గర ఆగి, సంచి ఆవిడ ముందు పెట్టి, ఆవిడ తలూపాకే వీధిలోకి వెళ్ళేవాడు. పెళ్ళి సంబంధాలు తెచ్చే సూర్యం మాత్రం ఆ దారిన రాకుండా వెనక సందులోంచి చుట్టు తిరిగి వెళ్ళేవాడు.

రోజూ పదకొండింటికి కామేశ్వరి వచ్చేది. ఇరవై ఆరేళ్ళ పిల్ల. పద్మావతిలాగే గోదావరి మనిషి, రావులపాలెం పక్క. భర్త మోహనకృష్ణ సరుకుల ఓడలో ఫిట్టర్. ఏ రేవులో ఓడ ఆగినా దిగి, నెట్ సెంటర్ వెతుక్కుని మెసెంజర్లోకి వచ్చేవాడు. ఆ వేళకి కామేశ్వరి నాలుగో నంబర్ కంప్యూటర్ ముందు జడ వేసుకుని, బొట్టు పెట్టుకుని కూర్చునేది. అవతలివాడికి కనపడదని తెలుసు. అయినా అంతే.

మార్చి నుంచి అతని దగ్గర్నుంచి కబురు లేదు. ఓడ ఎక్కించిన ఏజెంటు ఆఫీసుకి తాళం వేలాడుతోంది. ఫోన్లు చేస్తే ఆ నంబరు వాడుకలో లేదంటోంది. కామేశ్వరి మాత్రం పదకొండింటికల్లా వచ్చి, మోహనకృష్ణ పేరు పక్కన ఆరిపోయి ఉన్న గుర్తు వంక చూస్తూ గంటసేపు కూర్చుని వెళ్ళేది. పద్మావతి ఆ గంట ఎప్పుడూ లెక్కలో రాసుకోలేదు.

ఏప్రిల్ సగంలో సముద్రం మీద వేట నిషేధం మొదలైంది. పడవలన్నీ ఒడ్డుకెక్కాయి. పోతమ్మ గంప బోర్లించి, భీమిలిలో కూతురు దుర్గ దగ్గరికి వెళ్ళిపోయింది. మెట్లు బోసిపోయాయి.

సరిగ్గా ఆవిడ లేని మే నెలలో, ఒక పన్నెండింటి వేళ, నాలుగో నంబర్ దగ్గర కేక వినిపించింది.

"అక్కా! మీ మరిదిగారు లైన్లోకొచ్చారు!"

పద్మావతి పరిగెత్తుకుని వెళ్ళింది. నిజమే. మోహనకృష్ణ పేరు వెలుగుతోంది. కింద ఇంగ్లీషులో ఒక్క ముక్క: "ఫోటోలో ఉన్నది నువ్వేనా? చూడు." దాని పక్కన నీలం అక్షరాల లింకు.

కామేశ్వరి ఇంక ఆలోచించలేదు, నొక్కేసింది. తెర ఒకసారి మెరిసి నల్లబడి మామూలైపోయింది. ఫోటో ఏమీ రాలేదు. 'ఎక్కడున్నారు?' అని కొట్టింది. 'బాగున్నారా?' అని కొట్టింది. 'ఏవండీ' అని కొట్టింది. కాసేపటికి పేరు పక్కన వెలుగు ఆరిపోయింది.

అసలు సంగతి సాయంత్రానికి తెలిసింది. కామేశ్వరి మెసెంజర్ పట్టీలో ఉన్న అరవై రెండు మందికీ ఆవిడ పేరు మీదే అదే ముక్క వెళ్ళింది. నొక్కిన వాళ్ళలో సగం మందికి తెర నల్లబడింది. మిగతా సగం మందికి చూడకూడని బొమ్మలు తెరుచుకున్నాయి. నొక్కినవాళ్ళ పేరు మీద వాళ్ళ వాళ్ళకి వెళ్ళింది. మూడు రోజుల్లో గోపాలపట్నం దాటి దువ్వాడ కాలేజీ హాస్టళ్ళూ, గాజువాక క్వార్టర్లూ చుట్టేసింది. అరవై రెండు మందిలో మోహనకృష్ణ అన్నగారు ఒకరు. స్టీల్ ప్లాంటులో పనిచేస్తారు. పెద్దమనిషి. ఇంట్లో పిల్లలు కూడా చుట్టూ ఉండగా తెరిచారు.

ఆయన ఫోన్ చేసి అన్న మాటలు కామేశ్వరి పద్మావతికి సగమే చెప్పింది.

"మా తమ్ముడు ఏమైపోయాడో తెలీక మేం ఏడుస్తుంటే నువ్వు ఇలాంటివి పంపుకుంటున్నావా అన్నారక్కా. నేను కాదు, దానంతటదే వెళ్ళిందంటే, దానంతటదే ఎలా వెళ్తుందీ అన్నారు. ఏం చెప్పను?"

పద్మావతి ద్వారకానగర్ నుంచి రోహిత్‌ని పిలిపించింది. ఎప్పుడూ వచ్చి కంప్యూటర్లు బాగుచేసే కుర్రాడు, మాట తక్కువ, పని ఎక్కువ. ఏడు మిషన్లూ విప్పి, తుడిచి, మొదట్నుంచీ అన్నీ ఎక్కించి వెళ్ళాడు. రెండో రోజుకి మళ్ళీ అదే ముక్క మెసెంజర్లో తిరగడం మొదలెట్టింది. మళ్ళీ వచ్చాడు. మళ్ళీ తుడిచాడు. మూడోసారి కూడా అదే తంతు. జనం రావడం మానేశారు. "ఆ సెంటర్లో కూర్చుంటే అంటుకుంటుందిట" అన్నారు, కలరా గురించి చెప్పుకున్నట్టు.

"మోహనకృష్ణగారి పేరుతో ఎలా వచ్చింది మరి?" అని పద్మావతి అడిగింది. ఆవిడకి భయం కన్నా వింత ఎక్కువగా ఉంది.

"ఎప్పుడో ఏ రేవులోనో నెట్ సెంటర్లో మెసెంజర్లోంచి బయటికి రాకుండా లేచిపోయుంటారాంటీ. ఆయన పేరు అక్కడ తెరుచుకునే ఉండిపోయుంటుంది. ఈ వైరస్ పురుగుకి అంతే కావాలి. మనిషి పేరు దొరికితే చాలు, మనిషితో పని లేదు."

జూన్ మొదటి వారంలో పడవలు మళ్ళీ నీళ్ళలోకి దిగాయి. పోతమ్మ వచ్చింది. గంప నిండా కానాగంతలు, పైన తడి గోనె. మొదటి మెట్టు ఎక్కింది. రెండో మెట్టు మీద ఆగిపోయి కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

"ఓలమ్మో! ఇదేటమ్మా ఈ కంపు? నాను లేకుండా ఏటి సేసినారు?"

నాలుగోసారి వచ్చిన రోహిత్ స్క్రూడ్రైవర్ పట్టుకుని నేల మీద కూర్చుని ఉన్నాడు. తలెత్తి చూశాడు. "పోతమ్మా, ఏ మిషనో కొంచెం చెప్పవా? నాకు అంతు చిక్కట్లేదు."

గంప దించి, చేతులు కొంగుకి తుడుచుకుని, పోతమ్మ లోపలికి వచ్చింది. ఒక్కో కంప్యూటర్ ముందూ వంగి, చేప కొనేవాళ్ళు వంగినట్టు వంగి, ఊపిరి పీల్చింది. "ఇది కడిగేసినారు, నీసు మాత్తరం ఉన్నాది. ఇదేటీ నేదు. ఇదీ కడిగినారు." అలా ఏడు చూసి, బయటికి పోబోతూ కౌంటర్ దగ్గరకొచ్చేసరికి గభాల్న వెనక్కి జరిగింది.

"నీదే పద్మావతమ్మా!"

"నాదా? దీని మీద ఎవర్నీ కూర్చోనివ్వను."

"నువ్వు కూకుంటావు కాదేటి."

రోహిత్ లేచి వచ్చాడు. మూడుసార్లూ అతను ఆ మిషన్ జోలికి పోలేదు. ఇది నాదే, దీనికేం లేదు అని పద్మావతే అంది. "ఆంటీ, ఆ ముక్క మీకు కూడా వచ్చిందా?" అనడిగాడు.

వచ్చింది. ఆ మొదటి సాయంత్రమే, కామేశ్వరి పేరు మీద. కామేశ్వరే కదా, వాళ్ళాయన ఫోటో పంపిందేమో అని పద్మావతి నొక్కింది. ఏమీ రాకపోతే మర్చిపోయింది. అప్పట్నుంచీ ఆవిడ మిషనే మిగతా ఏడింటికీ మళ్ళీ మళ్ళీ అంటిస్తోంది. ఆవిడ చెవులు ఎర్రబడ్డాయి. లేచి, తెర అంచున అతికించిన కాగితం గోళ్ళతో గీకి గీకి తీసి చింపేసింది.

ఆ మధ్యాహ్నం రోహిత్ ఆ మిషన్ తుడుస్తుంటే పద్మావతి మెట్ల మీద పోతమ్మ పక్కన కూర్చుంది.

"అబద్ధానికి వాసన ఎలా ఉంటుంది పోతమ్మా?"

"అబద్దానికి వాసనుండదమ్మా. అబద్దం సానా తాజాగా ఉంతాది. మా దుర్గ సిన్నప్పుడు అబద్దం సెప్తే అప్పుడే వలలో పడ్డ సేపనాగ ఎగిరేది."

"మరి ఇది?"

పోతమ్మ ఒక కానాగంతని ఎత్తి, మొప్ప వేలితో పైకి లేపి చూపించింది. లోపల ఎర్రగా, తడిగా ఉంది. "మాటెనకాల మనిసుంటే ఇలాగుంతాది. తిట్టినా, అబద్దమాడినా, ఏదైనా గానీ. మనిసి నేకుండా వచ్చిన మాటే కుళ్తాది. మీ డబ్బాలోకి వచ్చినదానెనకాల ఎవుడూ నేడు. ఉత్త నోరు."

పద్మావతి ఆ మాట చాలాసేపు నెమరేసుకుంది.

కంపు పోయింది. జనం మళ్ళీ వచ్చారు. ఇప్పుడు ఏ ముక్క వచ్చినా, ఏ ఫోటో వచ్చినా గుమ్మంలోంచి తల బయటపెట్టి పిలిచేవారు. "పోతమ్మా, ఒక్కసారి ఇలా వచ్చి చూడవా?" ఆవిడ కత్తిపీట మీద నుంచి లేచి లేచి విసిగిపోయింది.

"నా యాపారం సేసుకోనివ్వరేటి? మీ బామ్మర్ది పేరున వచ్చిందా? మీ బామ్మర్దికి ఫోన్ కొట్టి అడగరాదా, ఏరా నువ్వే పంపినావా అని? నోరు నేదేటి?"

అది విని పద్మావతి ఒక అట్ట మీద స్కెచ్ పెన్నుతో 'అడిగి నొక్కండి' అని రాసి గోడకి కట్టింది. లేచేముందు మెసెంజర్లోంచి బయటికొచ్చారో లేదో ఒక్కొక్కర్నీ అడిగి పంపేది. కొందరు విసుక్కున్నారు. అయినా ఆవిడ వదల్లేదు. తెలియనివాళ్ళ దగ్గర్నుంచి ఫోటో అంటూ ఏదొచ్చినా చూడకుండా తీసెయ్యాలన్నది ఆవిడ పెట్టిన ఇంకో నియమం.

కామేశ్వరి ఒక్కతే మారలేదు. మారలేదనేకంటే, రెండో వైపుకి మారిపోయింది అనాలి. ఇప్పుడు ఆ పిల్ల ఏదీ నొక్కేది కాదు. వాళ్ళమ్మ ఆరోగ్యం గురించి అన్నయ్య కొండలరావు రాసిన మెయిల్ కూడా తెరవలేదు. కూర్చునేది, చేతులు ఒళ్ళో పెట్టుకుని చూసేది, వెళ్ళేది. మెసెంజర్లో వేరే పేర్లు పలకరిస్తే కుర్చీ వెనక్కి జరిపేది, అది కాటేస్తుందేమో అన్నట్టు.

జూలై నెలాఖరులో, జల్లు పడుతున్న ఒక ఉదయం, ఆవిడ అన్నగారితో కలిసి వచ్చింది. కొండలరావు చేతిలో గొడుగూ, టికెట్లూ ఉన్నాయి.

"అక్కా, ఇవాళ సాయంత్రం బండికి వెళ్ళిపోతున్నాం," అంది కామేశ్వరి. "బావగారు మా సామాను వాళ్ళ మేడ మీద గదిలో పెట్టించేశారు. ఈ మెసెంజర్ పేరు తీసెయ్యడం ఎలాగో చూపించు. దీనివల్లే కదా అంతా."

"తీసేస్తే ఆయన వచ్చినప్పుడు?"

"నాలుగు నెలలయిందండీ," అన్నాడు కొండలరావు నెమ్మదిగా. మంచివాడే. చెల్లెలి ముఖం చూడలేక నేల వంక చూస్తున్నాడు. "ఇంక దాని ఆశలు పెంచకండి."

పద్మావతి నాలుగో నంబర్ దగ్గర కామేశ్వరిని కూర్చోబెట్టింది. పేరు తీసెయ్యడానికి పాస్‌వర్డ్ రెండుసార్లు కొట్టాలి. కామేశ్వరి ఒకసారి కొట్టింది. రెండోసారి కొడుతుండగా తెర మూలన ఒక డబ్బా లేచింది.

తెలియని పేరు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు: "ఫోటోలో ఉన్నది మీవారేనా చూడండి." కింద ఒక ఫోటో ఫైలు.

కామేశ్వరి చేతులు వెనక్కి లాక్కుంది. "మళ్ళీ వచ్చింది," అంది. "తీసెయ్యక్కా. తీసెయ్యి."

పద్మావతి చెయ్యి మౌస్ మీదకి వెళ్ళింది. తెలియని మనిషి, ఫోటో. తన నియమమే. బాణం గుర్తు 'వద్దు' అన్నదాని మీద పెట్టింది కూడా. అక్కడ ఆగింది. అప్పుడు ఇంగ్లీషులో ఉంది. ఇప్పుడు తెలుగులో 'మీవారేనా' అంది. పురుగులకి తెలుగూ, మర్యాదా ఎప్పట్నుంచి వచ్చాయీ అనిపించింది. అంతకన్నా కారణమేం లేదు. కుతూహలం, అంతే.

"పోతమ్మా!" అని పిలిచింది.

పోతమ్మ వంజరం ముక్కలు కొడుతోంది. చేతులు వెనక్కి పెట్టుకుని, కొంగు మీద వాన చినుకులతో లోపలికొచ్చింది. తెర ముందు వంగింది. చాలాసేపు వంగే ఉంది. బేరానికొచ్చినావిడ బయట నుంచి, "ఎంతసేపమ్మా!" అంది.

"ఏమంటావు?" అంది పద్మావతి.

"మొప్ప ఎర్రగా ఉన్నాది."

పోతమ్మ ఇంకోసారి ఊపిరి పీల్చింది.

"ఉప్పుగాలి. డీజిలు. ఉడకని బియ్యం వాసన. మనిసున్నాడు ఎనకాల. ఒకుడు కాడమ్మా, సానామందున్నారు. దాహంగా ఉన్నారు."

కొండలరావు గొడుగు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. "ఒకసారి జరిగింది చాలదా? మళ్ళీ అందరికీ వెళ్ళిందంటే ఇంక మా ఊళ్ళో కూడా తలెత్తుకోలేం."

"నానేటి సెప్పగలను బాబూ. ముక్కు సెప్పింది సెప్పినాను. నొక్కితే నొక్కండి, మానితే మానండి," అని పోతమ్మ వెళ్ళి కత్తిపీట ముందు కూర్చుంది.

పద్మావతి గోడ మీద అట్ట వంక చూసింది. ఫోటో నొక్కలేదు. "ఎవరు మీరు?" అని కొట్టింది.

జవాబు వెంటనే రాలేదు. ఆ కాస్తసేపూ కామేశ్వరి తెర వంకే చూస్తూ కూర్చుంది. పురుగు జవాబు చెప్పదు. మేలో ఆవిడ అడిగిన మూడు ప్రశ్నలకీ అది చెప్పలేదు.

అక్షరాలు ఒక్కొక్కటే వచ్చాయి. తప్పులతో, ఆగి ఆగి.

"నా పేరు తాతబాబు. మాది భీమిలి. ఇక్కడ గల్ఫ్ వైపు రేవులో ఓడలకి మంచినీళ్ళు మోసే పడవ మీద పని. మీ పేరు అట్ట మీద రాసి చూపించాడు ఒకాయన. నాకు పావుగంట టైముంది, తొందరగా చూడండి."

పద్మావతి మౌస్ వదిలి పక్కకి జరిగింది. "నేను నొక్కను. నీది."

కామేశ్వరి అన్నయ్య వంక చూడలేదు. పైట చెంగుతో అరచెయ్యి తుడుచుకుని, నొక్కింది.

ఆ రోజుల్లో ఫోటో ఒక్కసారి వచ్చేది కాదు. పైనుంచి కిందకి, చాప పరుస్తున్నట్టు ఒక్కో పట్టీ దిగేది. ముందు ఆకాశం. తరవాత తుప్పు పట్టిన స్తంభం. దానికి కట్టిన తాడు మీద ఆరేసిన లుంగీ. తరవాత జుట్లు, వరసగా పదకొండు. తరవాత నుదుళ్ళు. కామేశ్వరి తెరకి ముక్కు తగిలేంత దగ్గరగా జరిగింది. కళ్ళు దిగాయి. ఎడమ నుంచి మూడో కళ్ళ దగ్గర ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కింద గడ్డం, ఎముకలు తేలిన మెడ, ఆ మెడ కింద రెండు చేతులతో పట్టుకున్న అట్టముక్క. దాని మీద నల్ల రంగుతో తెలుగులో 'కామేశ్వరి'. కింద ఆవిడ మెసెంజర్ పేరు, అంకెలతో సహా.

కొండలరావు పక్క కుర్చీ లాక్కుని కూలబడ్డాడు.

తాతబాబు చెప్పిందిది. ఓడ యజమాని మాయమైపోయాడు. బాకీలున్నాయని రేవువాళ్ళు లోపలికి రానివ్వరు, వదలరు. నాలుగు నెలలుగా లంగరు మీదే ఉన్నారు. డీజిలు అయిపోయింది, రేడియో లేదు, పాస్‌పోర్టులు ఎవరి దగ్గరున్నాయో తెలీదు. వారానికోసారి తన పడవే నీళ్ళిస్తోంది. ఎల్లుండి నుంచి ఆ పడవ వేరే రేవుకి వెళ్ళిపోతుంది. ఫోన్‌తో ఫోటో తీసి, ఒక్కొక్కరూ చెప్పిన పేరుకి ఒడ్డుకొచ్చి పంపాడు.

"పొద్దున్నించి పదకొండు ఇళ్ళకి పంపాను," అని రాశాడు. "పలికింది మీరొక్కరే."

కామేశ్వరి ఆ ముక్క రెండుసార్లు చదివింది. తరవాత పద్మావతి అనుకోని పని చేసింది. ఏడవలేదు. కాగితం, పెన్ను అడిగింది. తాతబాబుని మిగతా పదిమంది పేర్లూ, ఊళ్ళూ, వాళ్ళిచ్చిన ఫోన్ నంబర్లూ ఉంటే అవీ చెప్పమంది. ఏడుగురివి దొరికాయి. అతని పావుగంట అయిపోయేదాకా రాసుకుంటూనే ఉంది.

ఆ తరవాత కౌంటర్ పక్క ఎస్టీడీ ఫోన్ దగ్గర కూర్చుని ఒక్కో ఇంటికీ చేసింది. కాకినాడలో ఒకావిడ, "ఫోటో అని వచ్చిందమ్మా, వైరస్సని మావాడు తీసేశాడు," అంది. ట్యుటికోరిన్లో ఒక పెద్దాయనకి తెలుగు రాదు. ఈవిడకి తమిళం రాదు. ఆయన కొడుకు పేరు ఐదుసార్లు చెప్పింది, ఆరోసారికి అవతల ఏడుపు వినిపించింది. శ్రీకాకుళంలో ఒకావిడ అసలు నమ్మలేదు.

"ఇలాంటి ఫోన్లు సానా వత్తన్నాయి. నువ్వెవరో నాకేటి తెలుసు?"

"తెలీదండీ," అంది కామేశ్వరి. "నేనూ నమ్మేదాన్ని కాదు. ఫోటోలో ఒకాయన కుడిచేతికి రెండు వేళ్ళు లేవు. పక్కవాడి భుజం మీద వేసుకున్నారు ఆ చెయ్యి."

"బేగి సెప్పమ్మా," అంది ఆవిడ. "ఎక్కడున్నాడు?"

సాయంత్రం బండి వెళ్ళిపోయింది. కొండలరావు టికెట్లు జేబులోనే ఉండిపోయాయి. పద్మావతి భర్త నీలకంఠం పోర్టులో క్రేన్ ఆపరేటర్. మర్నాడు ఫోటో ప్రింటు తీసుకుని, కామేశ్వరిని వెంటబెట్టుకుని ఓడ కార్మికుల సంఘం ఆఫీసుకి వెళ్ళాడు. ఒక్క ఇంటి అర్జీ అయితే బల్ల మీద ఏ ఫైలు కిందో ఉండిపోయేదేమో. వారం తిరక్కుండా ఎనిమిది ఇళ్ళ నుంచి వచ్చాయి, నాలుగు ఊళ్ళ పోస్టాఫీసు ముద్రలతో. ఓడ పేరు కామేశ్వరికి సరిగ్గా తెలీదు, ఫోటోలో స్తంభం వెనక సగమే కనపడుతోంది. మిగతా సగం శ్రీకాకుళం ఆవిడ చెప్పింది. ఢిల్లీకి ఫోన్లు వెళ్ళాయి. అక్కణ్ణుంచి ఇంకెక్కడికో వెళ్ళాయి. నీళ్ళ పడవ ఆగిన తొమ్మిదో రోజున వేరే పడవలో ఎవరో నీళ్ళూ బియ్యం పంపారు. ఆ తొమ్మిది రోజులూ మిగిలిన నీళ్ళు గ్లాసుతో కొలుచుకుని, రాత్రి టార్పాలిన్ మీద పట్టిన మంచు పిండుకుని తాగారని తరవాత తెలిసింది.

సెప్టెంబర్ మొదటి వారంలో పదకొండు మందీ మద్రాసులో విమానం దిగారు. మోహనకృష్ణ రైల్లో వచ్చి దువ్వాడలో దిగాడు. కామేశ్వరి, కొండలరావు, పద్మావతి ప్లాట్‌ఫారం మీద ఉన్నారు. కాస్త దూరంగా, కుళాయి పక్కన, మోహనకృష్ణ అన్నగారు ఒక్కరే నిలబడి ఉన్నారు. ఆయన దగ్గరకొచ్చి కామేశ్వరి చేతిలోని సంచి తీసుకుని తను మోశారు.

మోహనకృష్ణ సగమయ్యాడు. చొక్కా హేంగర్‌కి తగిలించినట్టుంది. భార్యని చూసి కాసేపు నవ్వాడు, కాసేపు ఏమీ చెయ్యలేదు. మెట్లు దిగి ఆటోల దగ్గరకొచ్చాక అడిగాడు.

"కాకినాడ సుబ్బారావు వాళ్ళావిడ తీసేసిందిట. మా ఓడ చీఫ్ వాళ్ళింట్లో ఇంజనీర్లు ఇద్దరున్నారు, వాళ్ళూ తీసేశారు. పేరు తెలీనివాడు పంపితే నువ్వెలా నమ్మావు?"

"పోతమ్మ వాసన చూసింది," అంది కామేశ్వరి.

"అలా చెప్పు," అన్నాడు మోహనకృష్ణ. ఇంకేం అడగలేదు. ఆటోలోకి వంగి ఎక్కుతూ పద్మావతి వైపు తిరిగాడు.

"ఇప్పుడు ఏం చేపలు తెస్తోందండీ?"

"పొద్దున్న చందువాలు తెచ్చింది."

"అయితే ముందు అటు పోనీ," అన్నాడు డ్రైవర్‌తో. "గంప ఖాళీ అయిపోతుంది."